పాత విండోస్ డెస్క్‌టాప్ వదిలి దేనికి మారాలి? మ్యాకా, లినక్సా? నాన్న ‘అను’ ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు 600 పేజీలు ఉన్నాయి

పేటమ్మాయి | 19 అక్టోబరు 2025

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. ఇంట్లో 2014లో కొన్న డెస్క్‌టాప్ ఉంది, ఇంటెల్ ఐ3 నాలుగో తరం, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఈ నెల 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని తెర మీద మెసేజ్ వస్తోంది, విండోస్ 11 వేద్దామంటే మీ మెషీన్‌కి కుదరదు అంటోంది. నాకు అసలు టెన్షన్ కంప్యూటర్ గురించి కాదు, నాన్న గురించి. నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. పదకొండేళ్లుగా పల్నాటి వ్యవసాయ పదాలు సేకరిస్తున్నారు, ఊళ్లు తిరిగి పెద్దవాళ్లని అడిగి రాసుకొచ్చి రాత్రుళ్లు టైప్ చేస్తారు. అదంతా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో ఉంది. దాదాపు 600 పేజీలు.

తమ్ముడేమో ఈ డబ్బా పారేసి మ్యాక్ మినీ కొందాం, పదేళ్లు చూసుకోనక్కర్లేదు అంటున్నాడు. ఆఫీసులో ఒకాయన ఇదే కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ వేసుకోండి, రూపాయి ఖర్చు లేదు అన్నారు. నేను రెండూ వాడలేదు. నాన్నకి 71 ఏళ్లు, కొత్తది నేర్చుకునే ఓపిక ఉంది కానీ చేతివేళ్లకి అలవాటైన కీబోర్డు మారితే రాయడం ఆగిపోతుందేమోనని నా భయం. మారినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

బెజవాడ_రిపేర్లు | 19 అక్టోబరు 2025

మేడమ్, ముందు కంగారు పడకండి. సపోర్ట్ అయిపోయిందంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు, ఇకమీదట సెక్యూరిటీ అప్‌డేట్లు రావు అని. నెట్ తీగ పీకేసి వాడుకుంటే ఆ మెషీన్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. నెట్‌కి పెట్టి బ్యాంకు పనులు చేస్తేనే ప్రమాదం.

విండోస్ 11 ఎందుకు వద్దంటోందంటే దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. మీది నాలుగోది. ఇంకో ఏడాది గడువు కావాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల పొడిగింపు ఉంది, 2026 అక్టోబరు 13 దాకా. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితంగానే వస్తుంది, అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు. ముందు అది చేయించుకోండి, ఆ తర్వాత నిదానంగా ఆలోచించుకోండి. పండగ పూట దీనికోసం నిద్ర పాడుచేసుకోకండి.

ఇంకోటి, ఆ హార్డ్‌డిస్క్ పదకొండేళ్లది. నా దగ్గరికి వచ్చే పాత మెషీన్లలో ముందు పోయేది అదే. ఈరోజే, రేపు కాదు ఈరోజే, నాన్నగారి ఫోల్డర్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో కాపీ గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించండి.

డల్లాస్_బాబాయ్ | 20 అక్టోబరు 2025

అందరికీ దీపావళి శుభాకాంక్షలు. అమ్మా, నేను ఇరవై ఏళ్లు విండోస్ వాడి 2021లో ఆపిల్ సొంత చిప్ ఎం1 ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్‌కి మారాను. ఆ మార్పు నాకు చాలా సుఖమిచ్చింది కాబట్టి మీ తమ్ముడి మాట తీసిపారేయలేను. శబ్దం లేదు, వేడి లేదు, మూత తీస్తే వెంటనే పని మొదలుపెట్టొచ్చు. ఎం4 మ్యాక్ మినీ అయితే 16 జీబీ మెమరీతో ఇండియాలో 59,900కి మొదలైంది, మానిటర్, కీబోర్డు, మౌస్ పాతవే వాడుకోవచ్చు.

మొదటి రెండు వారాలు మాత్రం చిరాకు ఉంటుంది. కంట్రోల్ చేసే పని కమాండ్ మీటతో చేయాలి. ఆపిల్ కీబోర్డు మీద డిలీట్ అన్నది విండోస్ బ్యాక్‌స్పేస్‌తో సమానం, కర్సర్‌కి కుడివైపున్న అక్షరం చెరపాలంటే ఎఫ్ఎన్ కలిపి నొక్కాలి. ఫైల్ ఒకచోట కట్ చేసి ఇంకోచోట పేస్ట్ చేయడం అలవాటైనట్టు కుదరదు. కమాండ్ సీతో కాపీ చేసి, పేస్ట్ దగ్గర ఆప్షన్ మీట కూడా కలిపి పట్టుకుంటే అప్పుడు ఫైల్ జరుగుతుంది. విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసిన డిస్క్‌ని మ్యాక్ చదువుతుంది కానీ దాని మీద రాయదు, ఆ సంగతి తెలియక నేను మొదట్లో ఒక పూటంతా కొట్టుకున్నాను. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే రెండింటికీ పనికొస్తుంది.

ఒకటే హెచ్చరిక. చవగ్గా వస్తోంది కదా అని సెకండ్‌హ్యాండ్ ఇంటెల్ మ్యాక్ మాత్రం కొనకండి. ఈ ఏడాది వచ్చిన టాహోనే ఇంటెల్ మ్యాక్‌లకి చివరి మ్యాక్ ఓఎస్ అని ఆపిల్ వాళ్లే చెప్పేశారు. అలాగే మెమరీ తర్వాత పెంచుకోవడం కుదరదు, కొనేటప్పుడే ఆలోచించుకోవాలి.

అక్షరాల_వరంగల్ | 20 అక్టోబరు 2025

ఒక్క నిమిషం ఆగండి అందరూ. నేను హన్మకొండలో పద్దెనిమిదేళ్లుగా డీటీపీ చేస్తున్నాను, పెళ్లి పత్రికల నుంచి పీహెచ్‌డీ థీసిస్‌ల దాకా. అక్కా, ఏ కంప్యూటర్ కొనాలన్న ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉంది. మీ నాన్నగారి 600 పేజీలు ఇప్పుడు అసలు తెలుగులో లేవు.

అర్థమయ్యేలా చెప్తా. అను పాత ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లకీ తెలిసిన ఒకే నంబర్ ఉండే పద్ధతి కాదు. వాటిలో అక్షరాన్ని ముక్కలు చేసి తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తు ఒకచోట పెట్టి, ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ ఉండే స్థానాల్లో ఆ ముక్కలు కూర్చోబెట్టారు. కంప్యూటర్‌కి మాత్రం అది ఇంగ్లీషు చెత్తలాగే కనిపిస్తుంది. పైన అను ఫాంట్ అనే తొడుగు ఉన్నంతసేపే మనకి తెలుగు. ఆ ఫైల్‌ని ఫాంట్ లేని మెషీన్‌లో తెరిచి చూడండి, మీకే తెలుస్తుంది. అందుకే అందులో ఒక పదం కోసం వెతకలేం, గూగుల్‌కి దొరకదు, ఫోన్‌లో చదవలేం. అప్పట్లో వేరే దారి లేక అలా చేశారు, నేను తప్పు పట్టడం లేదు, నా అన్నం కూడా దానితోనే వచ్చింది. కానీ విండోస్ ఎక్స్‌పీ వచ్చిన 2001 నుంచే మామూలు కంప్యూటర్లో గౌతమి ఫాంట్‌తో అసలైన తెలుగు ఉంది. మన డీటీపీ వాళ్లమే ఇరవై ఏళ్లు ఆలస్యం చేశాం, ఆ బాధ నాకుంది.

ఇక మ్యాక్ సంగతి. అను ఫాంట్లలో టైప్ చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌దే. పేజ్‌మేకర్ 7 వచ్చి పాతికేళ్లు కావస్తోంది, అదే ఆఖరిది, దాన్ని అడోబీ ఎప్పుడో ఆపేసింది. ఎం సిరీస్ మ్యాక్‌లో నేరుగా విండోస్ వేసుకునే బూట్ క్యాంప్ కూడా లేదు. లోపల ఇంకో విండోస్ నడిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ అందులో నడిచే ఆర్మ్ చిప్పుల రకం విండోస్‌లో పాత అను సరిగ్గా నడుస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఇంకో పొరపాటు మా ఊళ్లో ఒకాయన చేశాడు. ఆయన వేళ్లకి వచ్చింది ఆపిల్ కీబోర్డు. అనులో ఆపిల్ కీబోర్డు, మాడ్యులర్ అని లేఅవుట్లు, అంటే ఏ మీటకి ఏ అక్షరం రావాలో చెప్పే అమరికలు ఉంటాయి కదా, అది. ఆపిల్ కంప్యూటర్ కొంటే ఆపిల్ కీబోర్డు దానంతట అదే వస్తుందనుకున్నాడు. రాదు. మ్యాక్‌లో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్ తరహాది ఒకటి, క్వర్టీ అని ఇంకొకటి ఉంటాయి. ఆయన మూడు నెలలు అవస్థ పడ్డాడు.

మీ నాన్నగారు ఏ లేఅవుట్ కొడతారో కనుక్కుని చెప్పండి.

పేటమ్మాయి | 20 అక్టోబరు 2025

అన్నా, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి ఇన్నాళ్లూ నేను రాసింది తెలుగు కాదంటారా" అని అడిగారు. నాకు బాధేసింది, కానీ ఇప్పుడైనా తెలిసింది.

ఆయనది ఆపిల్ కీబోర్డే. కళ్లు మూసుకుని కొడతారు. బ్యాకప్ రెండు కాపీలు తీశాం, బెజవాడ అన్నకి థ్యాంక్స్.

మంజీర | 21 అక్టోబరు 2025

అయితే మీకు మంచి కబురు. లినక్స్‌లో ఆపిల్ లేఅవుట్ ఉందండీ, అదీ యూనికోడ్‌లో.

నేను సంగారెడ్డిలో ప్రభుత్వ బడి టీచర్‌ని, 2017 నుంచి ఇంట్లో లినక్స్ తప్ప వేరేది లేదు. ఐబస్ అనే ఇన్‌పుట్ పద్ధతి ఉంటుంది, దానికి తోడు ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్, పోతన, ఆపిల్, ఇలా వరసగా కనిపిస్తాయి. లేఖిని వెబ్‌సైట్‌లో అమ్మ అని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటు ఉన్నవాళ్లకి ఆర్టీఎస్ సరిపోతుంది. మీ నాన్నగారికి ఆపిల్. అనులో ఉన్న ఆపిల్‌కీ దీనికీ కొన్ని ఒత్తుల దగ్గర, గుర్తుల దగ్గర చిన్న తేడాలు రావచ్చు, ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకుంటే వారంలో సర్దుకుంటుంది. ఇది ఎవరో జీతం తీసుకుని చేసిన పని కాదు, తెలుగు మీద ప్రేమతో ఎవరెవరో కూర్చుని రాసిన ఫైళ్లు. నాకు లినక్స్ మీద అభిమానం అందుకే. మన స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు కూడా హైదరాబాద్‌లో ఎన్నో ఏళ్లు లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి కష్టపడ్డారు. కేరళలో అయితే ప్రభుత్వ బడులన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి, మన దగ్గర కూడా అలా ఉంటే బాగుండు అనిపిస్తుంది.

మీ మెషీన్‌కి లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం తీసుకోండి. మింట్ 22 వరసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఇన్‌స్టాల్ చేయకుండానే చూసుకోవచ్చు కూడా. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో మింట్ ఎక్కించి, కంప్యూటర్ ఆన్ అవుతుండగా బూట్ మెనూ మీట నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే చాలు, హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండా మొత్తం నడుస్తుంది. నాన్నగారిని ముందు కూర్చోబెట్టి ఒక పేరా కొట్టించి అప్పుడు నిర్ణయించుకోండి. పెన్‌డ్రైవ్ మీద నడిచేటప్పుడు వేసిన ప్యాకేజీలు ఆఫ్ చేయగానే పోతాయి, అది మాత్రం గుర్తుంచుకోండి.

పద్దుల_సీతయ్య | 21 అక్టోబరు 2025

లినక్స్ అంటే ఎగిరి గంతేసే ముందు ఒక మాట. ఆ ఇంట్లో ఎవరైనా ట్యాలీ వాడుతున్నారా? ట్యాలీ ప్రైమ్ విండోస్‌కే. డిజిటల్ సంతకం టోకెన్ పెట్టి రిటర్నులు వేసే పని ఉంటే లినక్స్‌లో నిజంగా తలనొప్పి, నేను రెండు రోజులు పోగొట్టుకుని మళ్లీ విండోస్‌కే వచ్చాను. కంపెనీ కాకుండా సొంత వ్యాపారమైతే జీఎస్టీకి సంతకం టోకెన్ లేకుండా ఓటీపీతో చేసే ధృవీకరణ (ఈవీసీ) చాలు, అప్పుడు ఏ కంప్యూటర్ అయినా ఒకటే. పని ఏంటో చూసుకుని మారండి.

పేటమ్మాయి | 21 అక్టోబరు 2025

ట్యాలీ లేదండీ. నాన్న రాతపని, నా ఈమెయిల్, బ్యాంకు, పిల్లాడి యూట్యూబ్ పాఠాలు. అంతే.

కొత్తగా_వచ్చా | 22 అక్టోబరు 2025

రూఫస్‌తోనే ఆ టీపీఎం చెకింగ్ తీసేసి విండోస్ 11 వేసేయొచ్చు కదా బ్రో. మా ఇంట్లో అలాగే నడుస్తోంది.

బెజవాడ_రిపేర్లు | 22 అక్టోబరు 2025

నడుస్తుంది తమ్ముడూ, కాదనను. కానీ అలా వేసిన మెషీన్లకి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్తోంది. ఏదో ఒక పెద్ద అప్‌డేట్ దగ్గర ఆగితే 71 ఏళ్ల మాస్టారు ఏం చేస్తారు? అందులోనూ 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్ మీద విండోస్ 11 అంటే మౌస్ కదిలి ఫోల్డర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. నా కస్టమర్లకి నేనైతే అలా చేయను.

మేడమ్, మీరు నేను చెప్పినట్టు చేయండి. ఒక 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగమైన డిస్క్) కొనండి, పాత డీడీఆర్3 ర్యామ్ ఇంకో 4 జీబీ దొరికితే వేయించండి. లినక్స్‌ని ఆ కొత్త ఎస్‌ఎస్‌డీలో వేయండి. పాత హార్డ్‌డిస్క్‌ని, దాని మీద విండోస్, అను, పేజ్‌మేకర్ ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం పాత డిస్క్ తీగ పీకి పెట్టండి, పొరపాటున దాని మీద ఫార్మాట్ కొట్టే ప్రమాదం ఉండదు. రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, ఏది కావాలంటే అది.

అక్షరాల_వరంగల్ | 22 అక్టోబరు 2025

బెజవాడ అన్న చెప్పింది బంగారంలాంటి మాట. పాత విండోస్ బతికి ఉండగానే అందులోంచి పాఠాన్ని బయటికి తీయాలి. పద్ధతి చెప్తా, ఓపిగ్గా చదవండి.

పేజ్‌మేకర్ ఫైల్‌ని నేరుగా మార్చే ప్రయత్నం చేయకండి. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచేవి, ఆ తర్వాతవి తెరవవు, ఆ దారి దాదాపు మూసుకుపోయింది. పేజ్‌మేకర్‌లోనే పాఠం మీద కర్సర్ పెట్టి ఎక్స్‌పోర్ట్ ఇచ్చి టెక్స్ట్ ఫైల్‌గా దాచండి. ఒక అధ్యాయం ఒకే గొలుసుగా పారుతుంటే ఒక్క ఎక్స్‌పోర్ట్ చాలు, పెట్టెలు పెట్టెలుగా విడగొట్టి ఉంటే ఒక్కొక్కటీ తీయాలి. అలా వచ్చిన చెత్తలా కనిపించే పాఠాన్ని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేయాలి. అను 6, అను 7 వేరు వేరు, ఏది మీదో చూసుకుని ఎంచుకోవాలి, తప్పు ఎంచుకుంటే సగం అక్షరాలు సరిగ్గా, సగం పిచ్చిగా వస్తాయి. ముందు ఒక్క పేజీ మార్చి, కాగితం ప్రింట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి. మధ్యలో ఇంగ్లీషు పదాలు, అంకెలు ఉన్నచోట అవి కూడా తెలుగు ముక్కలుగా మారిపోతాయి. నమ్మి వదిలేయకండి, 600 పేజీలూ ఒకసారి మనిషి కన్ను చూడాల్సిందే. అది నెలల పని. కానీ ఒక్కసారి అయిపోతే మీ నాన్నగారి పుస్తకం ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా, ఇంకో యాభై ఏళ్ల తర్వాతైనా తెరుచుకుంటుంది. మ్యాక్ కొంటారా, లినక్స్ వేస్తారా అన్నది అప్పుడు మీ ఇష్టం.

పేటమ్మాయి | 3 నవంబరు 2025

రిపోర్ట్ చేస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, కార్తీక మాసం పూజల్లో ఇంట్లో ఎవరికీ తీరిక లేదు.

మొదట పెన్‌డ్రైవ్ మీద మింట్ నడిపి చూశాం. నాన్న కూర్చున్నారు. నేను ఆపిల్ లేఅవుట్ ఎంచి పక్కన నిలబడ్డాను. ఆయన మొదట "గుంటక" అని కొట్టారు, సరిగ్గా వచ్చింది. తర్వాత "జడ్డిగం" కొట్టారు, డ ఒత్తు దగ్గర ఒకసారి తడబడి మళ్లీ కొడితే వచ్చింది. ఆ తర్వాత నావైపు చూడకుండా ఒక పేజీ కొట్టేశారు. అక్కడే నిర్ణయం అయిపోయింది.

ఎస్‌ఎస్‌డీ మా వీధి షాపులో వేయించాం, ర్యామ్ కూడా 8 అయింది. ముందు రెండు నిమిషాలు పట్టేది ఇప్పుడు అర నిమిషంలోపే ఆన్ అవుతోంది. రెండు సమస్యలు ఉన్నాయి. లినక్స్‌లోకి వెళ్లి మళ్లీ విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి ఉంటోంది. ఇంకోటి, లినక్స్ నుంచి పాత డిస్క్ తెరుచుకుంటోంది కానీ అందులో ఏదీ సేవ్ చేయనివ్వడం లేదు. డిస్క్ పాడైందేమోనని నాన్న భయపడుతున్నారు.

మంజీర | 3 నవంబరు 2025

నాన్నగారికి భయం వద్దని చెప్పండి, రెండూ మామూలే. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన స్థానిక సమయం రాస్తుంది, లినక్స్ గ్రీన్‌విచ్ లెక్కన రాస్తుంది, మనకి వాళ్లకి తేడా ఐదున్నర గంటలు, అందుకే అంత కచ్చితంగా వెనక్కి పోయింది. లినక్స్‌ని కూడా స్థానిక సమయమే వాడమని ఒక కమాండ్‌తో చెప్పొచ్చు, మీకు మెసేజ్‌లో పంపిస్తాను.

రెండోది, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఆన్‌లో ఉంటుంది. షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అలాంటి డిస్క్ మీద రాస్తే పాడవుతుందని లినక్స్ జాగ్రత్తపడి చదవడానికి మాత్రమే తెరుస్తోంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ సెట్టింగ్స్‌లో అది తీసేసి ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేయండి. అయినా నా మాట వింటే ఆ పాత డిస్క్ మీద కొత్తగా ఏమీ రాయకండి.

డల్లాస్_బాబాయ్ | 4 నవంబరు 2025

అమ్మా, "గుంటక" అన్న మాట చూసి ఇక్కడ నేను లేచి నిలబడ్డాను. మాది వినుకొండ దగ్గర. మా తాత చేతిలో చూశాను, పేరు మర్చిపోయి ముప్పై ఏళ్లు అయింది. మ్యాక్ గురించి నేను చెప్పినవన్నీ నిజమే కానీ మీ ఇంటికి అది ఇప్పుడు సరైనది కాదని ఒప్పుకుంటున్నాను. నాన్నగారి ఫైళ్లు యూనికోడ్‌లోకి వచ్చాక నాకో కాపీ పంపుతారా? సరిచూసే పనిలో ఒక వంద పేజీలు నేను చేస్తాను. నా మ్యాక్‌లో చదువుతాను, దిద్ది పంపుతాను.

అక్షరాల_వరంగల్ | 4 నవంబరు 2025

నాకూ ఒక వంద.

పేటమ్మాయి | 30 నవంబరు 2025

ఇప్పటికి 212 పేజీలు బయటికి తీశాం. వరంగల్ అన్న చెప్పినట్టే కన్వర్టర్ చాలావరకు బాగానే చేసింది కానీ నాన్నకి ముఖ్యమైన చోటే దెబ్బతింది. ఆయన పాత పద్ధతిలో బండి ఱ, అరసున్న వదలకుండా రాస్తారు. గొఱ్ఱు, త్రాఁడు లాంటివి. అరసున్న ఉన్నచోటల్లా ఖాళీ వచ్చింది, బండి ఱ కొన్నిచోట్ల మామూలు ర అయింది. నాన్న కోప్పడలేదు, కాగితాలు ముందేసుకుని రోజుకి పది పేజీలు దిద్దుతున్నారు, లిబ్రే ఆఫీస్‌లోనే. ఫాంట్ మండలి పెట్టుకున్నారు, కంటికి ఇంపుగా ఉందట.

నిన్న రాత్రి ఒకటి జరిగింది. జడ్డిగం గురించి మాచర్ల వైపు వాళ్లు వేరే మాట అన్నారని ఆయనకి గుర్తుంది, ఏ అధ్యాయంలో రాశారో గుర్తులేదు. ఇదివరకైతే కాగితాల కట్ట తిరగేసేవారు. నేను కంట్రోల్ ఎఫ్ నొక్కి పదం కొట్టండి నాన్నా అన్నాను. నాలుగు చోట్ల దొరికింది, మూడోది ఆయన వెతుకుతున్నదే. మళ్లీ మళ్లీ ఇంకో పదం, ఇంకో పదం కొట్టి చూసుకుంటూ పదకొండున్నర దాకా లేవలేదు. అమ్మ వచ్చి లైట్ ఆపేసింది.

డల్లాస్ బాబాయ్ గారికి, వరంగల్ అన్నకి చెరో వంద పేజీలు మెయిల్ చేశాను. ఇంకో సాయం కావాలి. మా పాత లేజర్ ప్రింటర్ లినక్స్‌లో కనిపిస్తోంది కానీ ప్రింట్ ఇస్తే తెల్లకాగితం వస్తోంది. నాన్న దిద్దడానికి కాగితం మీదే కావాలంటున్నారు.

మంజీర | 30 నవంబరు 2025

మోడల్ నంబర్ పంపండి. హెచ్‌పీ అయితే హెచ్‌పీఎల్‌ఐపీ అనే డ్రైవర్ ప్యాకేజీ ఉంటుంది, చాలా మోడళ్లు దానితో కుదురుతాయి. వేరే కంపెనీదైతే డ్రైవర్ చూడాలి. అప్పటిదాకా పీడీఎఫ్ చేసి పాత విండోస్‌లోంచి ప్రింట్ తీయండి, నాన్నగారి పని ఆగకూడదు.

పేటమ్మాయి | 30 నవంబరు 2025

హెచ్‌పీ కాదండీ. వెనకాల స్టిక్కర్ చెరిగిపోయింది, రేపు పగలు టార్చ్ పెట్టి చూసి నంబర్ పెడతాను. ఇవాళ్టికి పీడీఎఫ్ చేసి విండోస్‌లోంచే పది పేజీలు తీసి ఇచ్చాను.